గుంటనక్కకు పట్టింది పిచ్చి కాదు: చీపురుపల్లి వైపు మెట్టలో ఒక డిస్టెంపర్ కేసు

మొదటి ఫోన్ ఫిబ్రవరి రెండో వారంలో వచ్చింది. ఆసుపత్రి ఆవరణలో ట్రావిస్‌లో (పశువును కదలకుండా పట్టి ఉంచే చట్రం) నిలబెట్టిన గేదెకు చూడి పరీక్ష చేస్తున్నాను, గ్లవ్ భుజం దాకా ఉంది, అటెండర్ ఫోన్ నా చెవి దగ్గర పట్టుకున్నాడు. అవతల ఎవరో ఆయాసపడుతూ, "డాట్రమ్మా, నక్కకి పిచ్చెక్కీసింది, పట్టపగలే జీడితోటలో తూలుకుంటూ తిరగతంది, ఎవుల్నైనా కరిసీగల్దు, బేగి రండి" అన్నాడు. గేదె పని ముగించి, చేతులు కడుక్కుని, బండి మీద ఆ ఊరు చేరేసరికి 40 నిమిషాలు పట్టింది. అప్పటికే కర్రలతో కొట్టి చంపేశారు. జీడిచెట్టు కింద ఎండుటాకుల మీద పడి ఉంది, పిల్లికంటే కాస్త పెద్దది, బూడిదరంగు ఒళ్లు, సన్నటి కాళ్లు. తోక లేదు. ఎవరో అప్పటికే కోసుకుపోయారు.

ఈ కేసు మొత్తం రాయడానికి కారణం ఒక్కటే. విజయనగరం, శ్రీకాకుళం మెట్ట మండలాల్లో పనిచేసే పశువైద్యులకు, పశుసంవర్ధక సహాయకులైన ఏహెచ్‌ఏలకు, అటవీశాఖ బీట్ సిబ్బందికి ఇలాంటి ఫోన్ ఏదో ఒకరోజు వస్తుంది. వచ్చిన వెంటనే అందరి నోటా వచ్చే మాట "పిచ్చి", అంటే రేబిస్. ఆ మాట దగ్గరే ఆగిపోతే అసలు జబ్బు, అంటే కుక్కల నుంచి నక్కలకు పాకే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు, ఊళ్లోనే ఉండిపోతుంది. మొదటి నక్క దగ్గర నేనూ అక్కడే ఆగిపోయాను.

ముందు జంతువు గురించి చెప్పాలి. మా వైపు నక్క అంటే రెండు వేర్వేరు జంతువులు. సాయంత్రం గుంపుగా ఊళ వేసేది, కుక్కంత ఉండేది అసలు నక్క, 7 నుంచి 11 కిలోల దాకా తూగుతుంది. గుంటనక్క అలా కాదు, 2 నుంచి 3 కిలోలు, పెద్ద చెవులు, గుబురు తోక, తోక చివర నలుపు. దట్టమైన అడవిలో ఉండదు. పొదలు, గడ్డి, బీడు భూమి, చెరువు గట్లు, తోటల అంచులు దాని చోటు. మా వైపు పాత మాంగనీస్ గనుల మట్టి దిబ్బలు ఉన్నాయి, తవ్వి వదిలేసినవి. ఆ వదులు మట్టిలో నాలుగైదు దారులుండే బొరియలు చేసుకుంటుంది. ఎలుకలు, చెదలు, తొలకరికి లేచే ఉసిళ్లు, పొలం గట్ల పీతలు, రేగుపళ్లు, ఇవే దాని తిండి. ఎలుకలు తిని రైతుకు మేలు చేసే జంతువని ఎవరూ అనుకోరు, అందరూ కోళ్ల దొంగగానే చూస్తారు. ఆసుపత్రి రిజిస్టర్లలో కూడా రెండింటికీ "నక్క" అనే రాసేస్తాం, అందుకే ఏది చచ్చిపోతోందో, ఏది తగ్గిపోతోందో కాగితం మీద కనిపించదు. దేశం మొత్తం మీద చూస్తే గుంటనక్క అంతరించే జాబితాలో లేదు, నిజమే. కానీ బీడు భూములు లేఅవుట్లు అయిపోతున్న చోట, ఒక దిబ్బ మీద ఉండే ఒకటి రెండు జంటలే ఆ చుట్టుపక్కలకంతా మిగిలిన గుంటనక్కలు. ఆ జంట పోతే ఆ ఊరికి సంబంధించినంతవరకూ ఆ జాతి పోయినట్టే.

సరే, ఆ రోజు సంగతి. నేను ముందు చూసింది నక్కను కాదు, మనుషుల చేతులను. ముగ్గురు కుర్రాళ్లు ఒట్టి చేతులతో పట్టుకున్నారు. ఒకడికి బొటనవేలి మీద పంటి గాటు, రక్తం ఎండిపోయి ఉంది, "సిన్నదే అమ్మా" అంటున్నాడు. బోరు దగ్గర కూర్చోబెట్టి, సబ్బు పెట్టి, వాచీ చూసి 15 నిమిషాలు కడిగించాను. పసుపు, సున్నం, కారం ఏమీ పెట్టనివ్వలేదు. రక్తం వచ్చిన కాటు రేబిస్ లెక్కలో మూడో కేటగిరీ, అంటే అన్నిటికంటే ప్రమాదమైనది, టీకా ఒక్కటే చాలదు, గాయంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే తయారు యాంటీబాడీలు) కూడా ఎక్కించాలి, ఆ విషయం చీటీ మీద రాసి, ఏహెచ్‌ఏ బండి మీదే పీహెచ్‌సీకి పంపాను. 0, 3, 7, 28 రోజుల తేదీలు కూడా ఆ చీటీ మీదే వేశాను, ఎందుకంటే మూడో సూది తర్వాత కూలి పని మానుకుని నాలుగోదానికి ఎవరూ రారు. తోక కోసినతని కోసం వీధి వీధీ తిరిగాం. నక్కతోక ఇంట్లో ఉంటే కలిసొస్తుందని దాచుకున్నాడు, చేతి నిండా జీడిపాలు తగిలి పుళ్లు పడి ఉన్నాయి. అతన్నీ పంపాం. తోక బీట్ ఆఫీసర్‌కు అప్పగించాం. 1972 వన్యప్రాణి చట్టం కింద నక్క తోక దగ్గర పెట్టుకోవడం నేరమే, కానీ ఆ పూట నేను కేసు మాట ఎత్తలేదు, ఎత్తితే మిగతావాళ్లు చేతులు దాచేస్తారు.

ఆ తర్వాత నక్క దగ్గరికి వచ్చాను. రేబిస్ పరీక్షకు మెదడు కావాలి, పుర్రె చితికిపోయి ఉంది. తలను వేరుచేసి, రెండు కవర్లలో కట్టి, థర్మాకోల్ పెట్టెలో ఐస్ పెట్టి బస్సులో పంపాం. పార్శిల్ దారిలో ఎక్కడో ఒకటిన్నర రోజు ఆగిపోయింది. ఐస్ కరిగిపోయింది, నమూనా కుళ్లిపోయింది, పరీక్షకు పనికిరాదని జవాబు వచ్చింది. నేను రిజిస్టర్‌లో "రేబిస్ అనుమానం, నిర్ధారణ కాలేదు" అని రాసి సంతకం పెట్టాను.

ఆ రాత్రి ఫోన్‌లో ఫొటోలు మళ్లీ చూస్తే నిద్ర పట్టలేదు. కళ్ల మూలల్లో పచ్చటి పుసి గడ్డకట్టి ఉంది, రెప్పలు అంటుకుపోయాయి. ముక్కు చుట్టూ చీమిడి ఎండి పెచ్చులు కట్టింది. నేను తీసిన ఫొటోల్లో ఒకదాంట్లో ముందరి కాలు వెల్లకిలా ఉంది. గుంటనక్క అరికాలి మెత్తలు మామూలుగా నల్లగా, మెత్తగా, కాస్త తడిగా ఉంటాయి. ఇవి ఎండిన మేక చర్మంలా గట్టిపడి, అడ్డంగా పగిలి ఉన్నాయి. ఇవన్నీ నా కళ్ల ముందే ఉన్నాయి, నేనే ఫొటో తీశాను, అయినా చదవలేదు. ఊరు ఊరంతా పిచ్చి అంటోంది, మనిషికి కాటు పడింది, ఆ టెన్షన్‌లో నా బుర్ర ఒకే దారిలో పోయింది. కాటు పడ్డ మనిషికి రేబిస్ అనుకునే వైద్యం చేయాలి, అందులో రెండో మాట లేదు. కానీ జంతువుకు ఏమైందో తెలుసుకోవడం వేరే పని, దాన్ని అక్కడితో మూసేయకూడదు.

పది రోజులు తిరక్కుండానే రెండో ఫోన్. ఈసారి ఆ ఊరికి కిలోమీటరున్నర దూరంలో, మొక్కజొన్న చేను పక్కన పశువుల నీళ్ల తొట్టి దగ్గర. ఈ మధ్యలో ఏహెచ్‌ఏ, వాలంటీరు కుర్రాళ్లు ఊళ్లో చెప్పి ఉంచారు, కొట్టకండి, దూరంగా నిలబడి ఫోన్ చేయండి అని. కొట్టలేదు. నేను, బీట్ ఆఫీసర్ వెళ్లేసరికి తొట్టి నీడలో కూర్చుని ఉంది, మనుషులను చూసి లేవలేదు. దవడ మాత్రం ఆడుతూనే ఉంది. ఏదో సాగే పదార్థం నములుతున్నట్టు టక టకా కొట్టుకుంటోంది, నోటి నుంచి చొంగ తీగలా కారుతోంది. పది సెకన్లు ఆడి, ఆగి, మళ్లీ మొదలు. ఈ రకం ఫిట్స్‌ను మేం చదువుకునే రోజుల్లో చూయింగ్ గమ్ ఫిట్స్ అనేవాళ్లం, డిస్టెంపర్ కుక్కల్లో చూశాను. గుంటనక్కలో చూడటం అదే మొదలు.

వల వేసి, దుప్పటి కప్పి, తోలు గ్లవ్స్‌తో పట్టుకున్నాం. ఆడది. బరువు 1.7 కిలోలు, జ్వరం 104 దాటి ఉంది. మళ్లీ అవే కళ్లు, అదే ముక్కు, అవే అరికాళ్లు. పొట్ట కింద బొచ్చు పలచబడి, చనుకట్లు ఉబ్బి ఉన్నాయి. పిండితే పలచటి పాలు వచ్చాయి. మా వైపు గుంటనక్కలు పిల్లలు పెట్టే కాలం అదే, ఎక్కడో దిబ్బలో పాలు తాగే పిల్లలు ఉన్నాయన్నమాట. ఆ పాలచుక్క నా గ్లవ్ మీద పడినప్పుడు నేనూ బీట్ ఆఫీసర్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

ఈ లక్షణాలకు కారణాలు ఏమేం కావచ్చో అక్కడే కూర్చుని ఆలోచించాను. మొదటిది రేబిస్, పరీక్ష అయ్యేదాకా దాన్ని తీసేయడానికి లేదు. పగలు తిరగడం, భయం పోవడం, చొంగ, తూలడం, ఇవన్నీ రెండు జబ్బుల్లోనూ ఒకేలా ఉంటాయి, చూసి తేడా చెప్పగలనని ఎవరన్నా అంటే నమ్మొద్దు. రెండోది విషం. అడవిపందుల కోసం చేల గట్ల మీద గుళికల మందు కలిపిన ఎర పెడతారు, అది తిన్న జంతువుకు చొంగ, వణుకు ఉంటాయి కానీ కంటిపాప సూదిమొనంత అయిపోతుంది, దీని కంటిపాపలు మామూలుగానే ఉన్నాయి. పైగా విషానికి అరికాళ్లు గట్టిపడవు, అది వారాల తరబడి నడిచిన జబ్బు గుర్తు. మూడోది డిస్టెంపర్, అన్నీ దానివైపే చూపిస్తున్నాయి.

తగ్గించే అవకాశం లేదని తెలుసు, బాధ తగ్గించగలమేమో అని చూశాం. కెటామిన్ అనే మత్తుమందు వాడలేదు, ఫిట్స్ ఉన్న జంతువుకు అది ఇంకా రేపుతుంది. ఫిట్స్ తగ్గించే డయాజిపామ్ ఇచ్చాను, చర్మం కింద రింగర్ లాక్టేట్ ఎక్కించాను, గోరువెచ్చటి సెలైన్‌తో రెప్పలు విప్పదీశాను. ఆసుపత్రికి తీసుకురాలేదు. మా ఆవరణలోకి రోజూ ఊరి కుక్కలు వస్తాయి, మందకుక్కలు వస్తాయి, ఈ వైరస్ ఊపిరి తుంపరల ద్వారా పాకుతుంది, అక్కడికి తెస్తే మేమే పంచిపెట్టినట్టవుతుంది. అటవీశాఖ నర్సరీలో ఖాళీ షెడ్ ఉంటే, చీకటిగా, చప్పుడు లేకుండా అక్కడ ఉంచాం. కంటి పొర నుంచి దూదిపుల్లతో నమూనా తీసి కుక్కలకు వాడే ర్యాపిడ్ కిట్ మీద వేశాను. పది నిమిషాల లోపే రెండో గీత వచ్చింది. కుక్కల కోసం చేసిన కిట్ నక్క మీద చెప్పే మాటను గట్టి సాక్ష్యంగా తీసుకోలేం, కానీ ఆ గీత చూశాక పని ఎటు నడపాలో తెలిసింది.

కోలుకోలేని స్థితిలో ఉన్న రక్షిత జంతువును కూడా మనంతట మనం నిద్రపుచ్చడానికి వీల్లేదు, చట్టం ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. రేంజ్ ఆఫీసర్ ఆ సాయంత్రమే కాగితం పంపారు. అనుమతి వచ్చేలోపే, తెల్లవారుజామున నక్క పోయింది.

ఈసారి నమూనాల విషయంలో ఏ లోటూ రానివ్వదలుచుకోలేదు. రేంజ్ ఆఫీసర్ సమక్షంలో పోస్ట్‌మార్టం. నాకు, నా సహాయకుడికి ముందస్తు రేబిస్ టీకాలు పూర్తయి ఉన్నాయి, అవి లేనివాళ్లు ఈ పని ముట్టుకోకూడదు. రంపంతో పుర్రె కోస్తే తుంపరలు లేస్తాయి కాబట్టి కోయలేదు. తలను ముందుకు వంచి, మెడ వెనక పుర్రెకు ఉండే పెద్ద రంధ్రం గుండా ప్లాస్టిక్ స్ట్రాను కంటివైపు గురిపెట్టి తిప్పుతూ లోపలికి దించితే మెదడు కాండం, చిన్నమెదడు ముక్క స్ట్రాలోకి వచ్చేస్తాయి. రేబిస్ పరీక్షకు కావాల్సింది సరిగ్గా ఆ భాగాలే. మారుమూల చోట్ల, రంపాలూ గదులూ లేని చోట్ల వాడే పద్ధతి ఇది, కొత్తగా ఉద్యోగంలో చేరే ప్రతి పశువైద్యుడూ ఒకసారన్నా చేసి చూడాలి. ఒక ముక్క గ్లిజరాల్ సెలైన్‌లో, ఒకటి 10 శాతం ఫార్మలిన్‌లో. ఊపిరితిత్తి, మూత్రాశయం, ప్లీహం ముక్కలు ఐస్‌లో ఒక సెట్, ఫార్మలిన్‌లో ఒక సెట్. ఊపిరితిత్తులు ముదురు ఎరుపుగా, కోస్తే నురగ వచ్చేలా ఉన్నాయి. పొట్టలో రెండు రేగు గింజలు, ఇసుక, కోడి ఈకలు. పెట్టెను ఈసారి బస్సుకు ఇవ్వలేదు, మనిషినిచ్చి పంపాం.

ఫలితాలు వారం దాటాక వచ్చాయి. మెదడు మీద ఎఫ్‌ఏటీ (రేబిస్ వైరస్‌ను వెలిగేలా చేసి మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష), రేబిస్ నెగెటివ్. ఆర్‌టీ-పీసీఆర్‌లో డిస్టెంపర్ పాజిటివ్. మూత్రాశయం పొర కణాల్లో గులాబీరంగు చుక్కల్లా ఇంక్లూజన్ బాడీలు (వైరస్ చేరిన కణంలో ఏర్పడే ముద్దలు) కనిపించాయని మైక్రోస్కోప్ రిపోర్ట్. కాటు పడ్డ కుర్రాడి టీకాలు మాత్రం ఆపలేదు. అతన్ని కరిచింది మొదటి నక్క, దానికి రేబిస్ లేదని తేలలేదు. ఈ తేడా అతని తల్లికి రెండుసార్లు కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది.

డిస్టెంపర్ వైరస్ ఎలాంటిదో మా గొర్రెల కాపర్లకు చెప్పడం సులువు. జీవాలకు వచ్చే పారుడు రోగం, పిల్లలకు వచ్చే తట్టు, పశువులను ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టి 2011 నాటికి ప్రపంచంలోంచి పోయిన రిండర్‌పెస్ట్, ఇవన్నీ ఒకే వైరస్ కుటుంబం. పారుడు రోగం మందలోకి వస్తే ఎంత వేగంగా పాకుతుందో వాళ్లకు తెలుసు కాబట్టి, "అలాంటిదే, కుక్కలకు" అంటే చాలు. ఎండకు, సబ్బుకు, మామూలు క్రిమిసంహారకాలకు ఈ వైరస్ త్వరగా చస్తుంది, నేలలో నెలల తరబడి ఉండదు. అంటే నక్కలకు ఇది మట్టిలోంచి రాలేదు. జబ్బుతో ఉన్న ఒక జంతువు ముఖం దగ్గరికి ముఖం పెడితేనో, అప్పుడే అది నాకిన తిండి తింటేనో వచ్చింది.

ఆ పొట్టలోని కోడి ఈకలు పట్టుకుని వెళ్లాం. ఊరికి, దిబ్బలకు మధ్యలో బ్రాయిలర్ కోళ్ల షెడ్లు ఉన్నాయి. చనిపోయిన కోళ్లను పడేసే గుంట ఒకటి, పైన ఏమీ కప్పరు. అటవీశాఖవాళ్లు ఒక కెమెరా పెట్టారు. మొదటి రాత్రే ఎనిమిదింటికి అయిదు కుక్కలు, వాటిలో ఒకదాని తల ఆగి ఆగి ఒక పక్కకు ఎగురుతోంది. అవి వెళ్లిన కాసేపటికి, తొమ్మిది కాకముందే, అదే గుంటలో, అదే కోడి మీద ఒక గుంటనక్క. మగది, చూడటానికి బాగానే ఉంది. కుక్క వదిలేసిన చోటే మూతి పెట్టింది.

ఇక ఊళ్లోకి వెళ్లి ఇంటింటికీ అడిగితే కథ మొత్తం బయటపడింది. ఒక ముసలమ్మ, వీధి కుక్కకు రోజూ గంజి పోసే మనిషి, "సంక్రాంతికి ముందర ఏడు పెట్టింది తల్లీ, ఒక్కటీ మిగల్లేదు, కళ్లకి పుసులు కట్టీసి, కక్కీసి, పారీసి, ఒకదానెనకాల ఒకటి సచ్చిపోనాయి" అంది. ఆ మాట చెబుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. మరో రెండు వీధుల్లో అదే మాట. కుక్కపిల్లలు చస్తే ఎవరూ పశువుల ఆసుపత్రికి చెప్పరు, చెప్పాలని ఎవరికీ తోచదు, మేమూ ఎప్పుడూ అడగలేదు. చేలల్లో మంద పెట్టించే కాపరి దగ్గర మూడు కుక్కలుంటే ఒకటి బతికి బట్టకట్టింది కానీ వెనక కాలు నిద్రలో కూడా కొట్టుకుంటూనే ఉంటుంది. అది జబ్బు వదిలిన గుర్తు. డిసెంబరు నుంచీ ఊరి కుక్కల్లో డిస్టెంపర్ నడుస్తోంది, ఫిబ్రవరికి నక్కల దాకా వచ్చింది, మా రిజిస్టర్లలో మాత్రం "పిచ్చి నక్క" ఒక్కటే ఉంది.

ఇది మా ఊరికే కొత్తగా వచ్చిన కష్టం కాదు. కాలిఫోర్నియా తీరంలో శాంటా కాటలీనా అనే ద్వీపం ఉంది, అక్కడ తప్ప ఇంకెక్కడా లేని చిన్న నక్క ఒకటి ఉంది, మన గుంటనక్కకంటే కూడా చిన్నది. 1998లో సుమారు 1,300 ఉండేవి. బయటి నుంచి డిస్టెంపర్ వచ్చింది, 2000 నాటికి వంద వరకూ మిగిలాయి. ద్వీపం మధ్యలో సన్నటి నేల ముక్క అడ్డుగా ఉండబట్టి పడమటి కొసన ఉన్నవి బతికాయి. బతికినవాటిని పట్టి, పెంచి, టీకాలు వేసి వదిలారు. 2004లో అంతరించే జాబితాలో పెట్టారు, 2016కి ఆ ప్రమాద స్థాయి ఒక మెట్టు దిగింది. ఇథియోపియా కొండల్లో ఉండే తోడేలును పాత పుస్తకాల్లో సీమియన్ ఫాక్స్ అనేవారు, మొత్తం 500 లోపే ఉంటాయి. అక్కడి పశువుల కాపర్ల కుక్కల నుంచి రేబిస్ ఒకసారి, డిస్టెంపర్ ఒకసారి, మళ్లీ రేబిస్, ఇలా వస్తూనే ఉంది. మన దేశంలో 2018లో గిర్ అడవిలో కొద్ది వారాల్లో 20కి పైగా సింహాలు పోయాయి, వాటిలో డిస్టెంపర్ దొరికింది. సోలాపూర్ దగ్గర నన్నజ్ గడ్డిభూముల్లో గుంటనక్కలను, ఊరకుక్కలను కలిపి పరీక్షించిన శాస్త్రవేత్తలు కూడా ఊరి పెద్ద కుక్కల్లో ఎక్కువ శాతం ఈ వైరస్‌ల బారిన పడి బయటపడ్డవేనని చూశారు. కుక్కలు వందల్లో ఉంటాయి, ఈతలు ఈతలుగా పిల్లలు పుడతాయి, వైరస్‌కు ఎప్పుడూ కొత్త పిల్ల దొరుకుతుంది. నక్కలు పదుల్లో కూడా ఉండవు. వాటి మధ్య వైరస్ ఎక్కువకాలం నిలవలేదు, వచ్చి, చంపి, ఆగిపోతుంది, మళ్లీ కుక్కల నుంచే వస్తుంది. కాబట్టి వైద్యం చేయాల్సింది కుక్కకు.

ఈ మాట చెప్పగానే ఉత్సాహం ఉన్న కుర్రాళ్లు అడిగిన ప్రశ్న, "మరి నక్కలకీ కుక్కల టీకా వేసీవచ్చు కదమ్మా?" మంచి ప్రశ్న, కానీ జవాబు వద్దు అనే. మనం కుక్కలకు వేసే డిస్టెంపర్ టీకాలో బలహీనం చేసిన వైరస్ బతికే ఉంటుంది. కుక్క దాన్ని తట్టుకుంటుంది. అడవి జాతుల్లో అది మళ్లీ బలం పుంజుకోవచ్చు. అమెరికాలో గ్రే ఫాక్స్‌లకు, ముంగిసలా కనిపించే నల్లకాళ్ల ఫెరెట్‌లకు ఇలాంటి టీకా వల్లే డిస్టెంపర్ వచ్చి చనిపోయిన కేసులు ఉన్నాయి. కాటలీనా నక్కలకు వేసింది వేరే రకం, కెనరీపాక్స్ అనే పక్షుల వైరస్‌లో డిస్టెంపర్ ప్రోటీన్ ముక్క మాత్రమే పెట్టి చేసింది, అందులో బతికున్న డిస్టెంపర్ వైరస్ ఉండదు. అలాంటిది చేతిలో లేనప్పుడు, మేలు చేద్దామని మాంసం ముక్కలో టీకా పెట్టి దిబ్బల మీద వేయడం లాంటి పనులు చేయకండి, నమస్కారం పెట్టి అడుగుతున్నాను.

రెండు ఊళ్లలో, మంద దగ్గర కుక్కల టీకా శిబిరం పెట్టాం. ఆరోగ్యంగా కనిపించే కుక్కకే డిస్టెంపర్, పార్వో (కుక్కపిల్లలకు వాంతులు, విరేచనాలు తెచ్చే మరో వైరస్) కలిసిన టీకా, మూడు నెలలు దాటిన ప్రతి కుక్కకూ రేబిస్ టీకా. రేబిస్‌కు నూటికి 70 కుక్కలకు వేస్తే గొలుసు తెగుతుందని ప్రపంచమంతా వాడే లెక్క. డిస్టెంపర్ తట్టులా పాకేది కాబట్టి అంతకంటే ఎక్కువే కావాలి, ముఖ్యంగా పిల్లలకు. ఆరు నుంచి ఎనిమిది వారాలప్పుడు మొదటిది, తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున నాలుగు నెలల వయసు వచ్చేదాకా. తల్లిపాలతో వచ్చిన రక్షణ ఉన్నంతకాలం టీకా పట్టదు, అది ఎప్పుడు పోతుందో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది, అందుకే ఇన్నిసార్లు. ఎవరికీ చెందని వీధికుక్కలను పట్టడానికి ఆ ముసలమ్మే సాయం వచ్చింది. మేం వల తీస్తే పారిపోయే కుక్కలు ఆమె గంజి గిన్నె చప్పుడు చేస్తే వచ్చి కూర్చున్నాయి, ఒకదాని మెడ చుట్టూ చేయివేసి ఆమె పట్టుకుంటే నేను సూది వేశాను. ఆ రోజు మాకు అంత పని చేసిపెట్టిన మనిషి మరొకరు లేరు.

కోళ్ల గుంట సంగతి యజమానితో మూడుసార్లు మాట్లాడితే గానీ కాలేదు. చివరికి జేసీబీతో ఆరడుగుల లోతు గుంట తీయించి, రోజూ పడేసిన కోళ్ల మీద సున్నం చల్లి మట్టి కప్పడం, చుట్టూ ముళ్లకంప వేయడం మొదలైంది. టీకా ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యమని నా నమ్మకం. కుక్కా నక్కా ఒకే కంచంలో తింటున్నంతకాలం సూదులు వేసి లాభం తక్కువ.

మిగిలింది ఆ పిల్లల సంగతి. మూడు సాయంత్రాలు మేం దిబ్బకు 150 మీటర్ల దూరంలో, గాలి మావైపు వీచేలా, తాటిమొద్దు చాటున కూర్చున్నాం. రెండో సాయంత్రం కెమెరాలో చూసిన మగదే వచ్చింది, నోట్లో పొలం ఎలుక. బొరియ మూతి దగ్గర పెట్టి, చిన్నగా గొంతులో గురగురమని, వెనక్కి తగ్గి కూర్చుంది. చాలాసేపు ఏమీ లేదు. చీకటి పడబోతుండగా లోపలి నుంచి ఒక చిన్న తల వచ్చింది. బూడిదరంగు, చెవులు ఇంకా నిలబడలేదు. కళ్లు శుభ్రంగా, మెరుస్తూ ఉన్నాయి, బైనాక్యులర్స్‌లో రెప్పల అంచులు చూశాను, పుసి లేదు. అది ఎలుకను పట్టుకుని లాగలేక కింద పడింది, మళ్లీ లేచి లాగింది. రెండో తల ఆ మూడు సాయంత్రాల్లో రాలేదు.

పిల్లను తీసుకొచ్చి పెంచుదామని చాలామంది అన్నారు. నేను వద్దన్నాను. తండ్రి ఉన్నాడు, తిండి తెస్తున్నాడు, గుంటనక్కల్లో మగదీ ఆడదీ కలిసి పిల్లలను పెంచుతాయి. తెస్తే ఆ పిల్ల మనిషికి అలవాటు పడుతుంది, మా చేతుల ద్వారా కుక్కల జబ్బులన్నీ దానికి దగ్గరవుతాయి. బీట్ ఆఫీసర్ ఆ దిబ్బవైపు మట్టి తవ్వడానికి వచ్చే ట్రాక్టర్లను వేసవి అయ్యేదాకా ఆపించారు. మేం ఇక అటు వెళ్లలేదు, రోజూ మనుషులు వస్తే మగది పిల్లను వేరే బొరియకు మార్చేస్తుంది.

మొదటి నక్క రిజిస్టర్ పేజీకి వెళ్లి, పాత రాత కొట్టేయకుండా, కింద తేదీ వేసి రాశాను: "కళ్లకు పుసి, ముక్కుకు పెచ్చులు, అరికాళ్లు గట్టిపడి పగుళ్లు, ఫొటోలు ఉన్నాయి. రేబిస్ తీసేయలేం. డిస్టెంపర్ బలమైన అనుమానం. జాతి: గుంటనక్క." ఇప్పుడు మా ఏహెచ్‌ఏలు నక్క ఫోన్ వస్తే ముందు మనిషి కాటు అడుగుతారు, రెండోది ఏ నక్కో అడుగుతారు, మూడోది ఊళ్లో ఈమధ్య కుక్కపిల్లలు చచ్చాయా అని అడుగుతారు. ఆ మూడో ప్రశ్నకు అవును అని రెండు ఊళ్ల నుంచి జవాబు వచ్చింది, అక్కడ నక్కల దాకా పోకముందే టీకాలు వేయగలిగాం.

మే నెలలో ఒకరోజు పొద్దున్నే కాపరి ఫోన్ చేశాడు. తెల్లారకముందు మంద లేపుతుంటే దిబ్బ మీద పెద్ద గుంటనక్క ఒకటి, దాని వెనక సగం సైజు పిల్ల ఒకటి కనిపించాయట. "పరిగెడతంది అమ్మా, బాగుంది" అన్నాడు. తర్వాత తన కుక్క గురించి అడిగాడు, కాలు కొట్టుకునేదాని గురించి. జబ్బు వచ్చి తట్టుకుని బతికింది కాబట్టి దానికి డిస్టెంపర్ టీకాతో ఇక పనిలేదు, రేబిస్ సూది మాత్రం మందతో దూరం పోయి ఉండి ఆ శిబిరంలో తప్పిపోయింది. జూలై 6న జూనోసిస్ డేకి (జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల దినం) ఎలాగూ ఉచితంగా వేస్తాం, కానీ అప్పటిదాకా ఆగొద్దు, రేపే తీసుకురా అన్నాను. మర్నాడు ఎనిమిదింటికి ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డాడు, కుక్కను భుజం మీద వేసుకుని.